ఆఫీసు నెట్‌వర్క్‌లో ఏ గడియారాన్ని నమ్మాలి?

ఆఫీసు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు, సర్వర్లు, స్విచ్‌లు, సీసీ కెమెరాలు, వేలిముద్రల హాజరు యంత్రాలు దేని గడియారం అది నడుపుకుంటాయి. వాటన్నిటినీ ఒకే సమయానికి కట్టి ఉంచడానికి నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, పొట్టిగా ఎన్‌టీపీ, వాడతారు. అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్ రూపొందించిన ఈ పద్ధతికి తొలి నిర్దేశ పత్రం 1985లో వెలువడింది. నాలుగో కూర్పు పత్రం 2010 నాటిది.

పద్ధతి ఒకటే అయినా అమరికలో రెండు పక్షాలున్నాయి. ప్రతి యంత్రాన్నీ నేరుగా ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌కు కలిపేస్తే చాలన్నది మొదటి పక్షం. బయటితో మాట్లాడే యంత్రాలు రెండు మూడే ఉండాలి, తక్కినవన్నీ వాటి వెనక నడవాలి అన్నది రెండో పక్షం. కింది సంవాదంలో మొదటి పక్షాన్ని 120 కంప్యూటర్లున్న ఒక ఆఫీసులో నెట్‌వర్క్ చూసే ఇంజినీరు, రెండో పక్షాన్ని ఆ ఆఫీసు లాగ్‌లు తనిఖీ చేసే ఆడిటర్ వినిపిస్తారు.

అవసరం ఎంత

ఇంజినీరు: మేడమ్, గడియారం రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే ఏ ఆఫీసూ మూతపడదు. విండోస్‌లో టైమ్ సర్వర్ పేరు ముందే రాసి ఉంటుంది. నడుస్తున్నదాన్ని కదిలించకపోవడమే మంచిది.

ఆడిటర్: రెండు నిమిషాలకు ఏమీ కాదు, ఒప్పుకుంటాను. ఐదు దాటితే అవుతుంది. డొమైన్‌లో లాగిన్ కావడానికి వాడే కెర్బెరాస్ పద్ధతి, కంప్యూటర్‌కూ డొమైన్ కంట్రోలర్‌కూ మధ్య మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకే ఓర్చుకుంటుంది. అది దాటితే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వదు. ఫోన్‌లో 30 సెకన్లకోసారి అంకెలు మార్చే ఓటీపీ యాప్‌కు అంత ఓర్పు కూడా లేదు. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిన కంప్యూటర్‌కైతే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లన్నీ ఇంకా అమల్లోకి రానివిగానే కనిపిస్తాయి.

ఇంజినీరు: అలాంటివి ఎప్పుడో ఒకటి వస్తుంది. వచ్చినప్పుడు వెళ్లి గడియారం దిద్దివస్తాం.

ఆడిటర్: గడియారం దిద్దవచ్చు, అప్పటికే లాగ్‌లో పడిన సమయాన్ని దిద్దలేం. రాత్రి ఎవరో వీపీఎన్ ద్వారా లోపలికొచ్చి ఫైళ్లు కాపీ చేశారనుకోండి. వీపీఎన్ లాగ్ 11:40 అంటుంది, ఫైల్ సర్వర్ 11:36 అంటుంది, మెట్ల దగ్గరి కెమెరా 11:52 అంటుంది. లోపలికి రాకముందే కాపీ చేసినట్టు తేలుతుంది. ఆ మూడు లాగ్‌లూ కలిపి ఒక వరుస చెప్పలేనప్పుడు అవి సాక్ష్యంగా ఎందుకు పనికొస్తాయి?

దీనికి చట్టం వైపు నుంచి కూడా బలం ఉంది. కంప్యూటర్ భద్రతా ఘటనలు చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఐటీ చట్టం 70బీ సెక్షన్ కింద ఆదేశాలు ఇచ్చింది. కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ (ఎన్‌పీఎల్) టైమ్ సర్వర్లకు, లేదంటే వాటి నుంచి సమయం అందుకునే సర్వర్లకు కలపాలి. పలు దేశాల్లో యంత్రాలున్న సంస్థలు వేరే ప్రామాణిక మూలం వాడుకోవచ్చు, అయితే అది ఈ రెండింటి సమయం నుంచి తప్పకూడదు. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి. భారత ప్రామాణిక సమయాన్ని నిలిపే బాధ్యత ఢిల్లీలోని ఎన్‌పీఎల్‌దే.

గడియారం ఎందుకు తప్పుతుంది

ఇంజినీరు: సరే, చట్టం ఉంది. కానీ కొత్త కంప్యూటర్ల గడియారాలు అంత ఘోరంగా తప్పుతాయా?

ఆడిటర్: కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు సమయం లెక్కపెట్టేది సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం. నడుస్తున్నప్పుడు లెక్కపెట్టేదీ మరో స్ఫటికమే. పది లక్షల్లో 20 వంతుల లోపం వీటికి మామూలు. అంటే రోజుకు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 52 సెకన్లు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పోతే నెల తిరిగేసరికి రెండు పక్కపక్క కంప్యూటర్ల మధ్య నిమిషంన్నర దాటుతుంది. గది వేడెక్కినా చల్లబడినా ఆ వేగం మారుతుంది. వర్చువల్ మెషీన్లది ఇంకో తీరు. వాటిని నిలిపి, మళ్లీ నడిపితే మధ్యలో గడిచిన సమయం వాటికి తెలియదు.

ఇంజినీరు: విండోస్ అప్పుడప్పుడూ సరిచూసుకుంటుంది కదా.

ఆడిటర్: డొమైన్‌లో లేని పాత విండోస్ వారానికి ఒకసారి సరిచూసుకునేది. ఆ ఒక్కసారి నెట్ లేకపోతే ఆ వారం గోవిందా. ఎన్‌టీపీని పూర్తిగా నడిపే ప్రోగ్రాం సాధారణంగా 64 సెకన్ల నుంచి 1,024 సెకన్ల లోపు ఒకసారి అడుగుతూ, తన స్ఫటికం ఎంత వేగంగా తప్పుతోందో కూడా నేర్చుకుంటుంది. అందుకే నెట్ కొన్ని గంటలు పోయినా దానికి పెద్దగా తేడా రాదు.

కొలత ఎలా జరుగుతుంది

ఎన్‌టీపీ ప్రశ్న, జవాబు యూడీపీ 123వ పోర్ట్ మీద నడుస్తాయి. ప్రతి మార్పిడిలోనూ నాలుగు సమయాలు నమోదవుతాయి: ప్రశ్న బయలుదేరినది, సర్వర్‌ను చేరినది, జవాబు బయలుదేరినది, తిరిగి చేరినది. మొదటిదీ చివరిదీ అడిగిన యంత్రం గడియారంతో, మధ్యవి రెండూ సర్వర్ గడియారంతో కొలిచినవి.

ఉదాహరణకు కంప్యూటర్ తన లెక్కలో సున్నా మిల్లీసెకను దగ్గర ప్రశ్న పంపింది. సర్వర్ తన లెక్కలో 270 దగ్గర అందుకుని, 271 దగ్గర జవాబు పంపింది. కంప్యూటర్ దాన్ని తన లెక్కలో 41 దగ్గర అందుకుంది. మొత్తం గడిచిన 41లో సర్వర్ దగ్గర ఆగిన 1 తీసేస్తే రానుపోను ప్రయాణం 40 మిల్లీసెకన్లు. వెళ్లేటప్పటి తేడా 270, వచ్చేటప్పటి తేడా 230. వాటి సగటు 250 కాబట్టి కంప్యూటర్ గడియారం పావు సెకను వెనకబడి ఉంది.

ఈ లెక్క వెళ్లే దారికీ వచ్చే దారికీ ఒకే సమయం పడుతుందన్న ఊహ మీద నిలబడింది. వెళ్లడానికి 30, రావడానికి 10 మిల్లీసెకన్లు పడితే లెక్క 10 మిల్లీసెకన్లు తప్పుతుంది, ఆ తప్పు లెక్కలో ఎక్కడా కనిపించదు. ఎంత తప్పినా అది మొత్తం ప్రయాణంలో సగానికి మించదు. దూరపు సర్వర్ కన్నా దగ్గరి సర్వర్ మేలనడానికి కారణం ఇదే. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ప్రయాణం తరచుగా ఒక మిల్లీసెకను కూడా ఉండదు.

నేరుగానా, అంచెలుగానా

ఇంజినీరు: అసలు వాదన ఇక్కడుంది మేడమ్. 120 కంప్యూటర్లూ నేరుగా బయటి సర్వర్‌ను అడిగితే మధ్యలో చెడిపోవడానికి ఏమీ ఉండదు. లోపల టైమ్ సర్వర్ పెడితే దాన్ని కాపాడుకోవడం ఇంకో పని. మీరు చెప్పిన ఆ పది మిల్లీసెకన్ల తేడాకు మన అకౌంట్స్ విభాగంలో ఎవరికీ నష్టం లేదు.

ఆడిటర్: మిల్లీసెకన్ల కోసం నేను వాదించడం లేదు, ఆ మాటలో మీదే న్యాయం. మీ ఇబ్బంది వేరే చోట ఉంది. మన 120 కంప్యూటర్లూ బయటికి ఒకే ఐపీ అడ్రస్‌తో కనిపిస్తాయి. పబ్లిక్ టైమ్ సర్వర్‌కు అది ఒకే యంత్రం అదేపనిగా అడుగుతున్నట్టు ఉంటుంది. తరచుగా అడిగేవాళ్లకు జవాబు తగ్గించడమో, ఇక ఆపమని ప్రత్యేక ప్యాకెట్ పంపడమో ఎన్‌టీపీలో ఉన్న ఏర్పాటే. అప్పుడు కొన్ని కంప్యూటర్లకు సమయం అందుతుంది, కొన్నిటికి అందదు. ఏవి అందుకున్నాయో మీకు తెలియదు.

ఇంజినీరు: అంత కఠినంగా ఉంటారా?

ఆడిటర్: ఉండాల్సి వచ్చింది. 2003లో నెట్‌గేర్ రూటర్లు కొన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం టైమ్ సర్వర్ అడ్రస్‌ను లోపలే రాసుకుని, జవాబు రాకపోతే సెకనుకోసారి అడగడం మొదలుపెట్టాయి. ఆ తాకిడి విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌నే కుదిపేసింది. ఇంకో సంగతి, ఇంటర్నెట్ లైన్ రెండు రోజులు పడిపోతే మీ పద్ధతిలో ఒక్కో కంప్యూటర్ ఒక్కో వైపు జారుతుంది. లోపల సర్వర్ ఉంటే జారినా అన్నీ కలిసి జారుతాయి, లాగ్‌ల వరుస చెడదు.

ఎన్‌టీపీలో ఈ అంచెకు స్ట్రాటమ్ అని పేరు. అణు గడియారం, జీపీఎస్ రిసీవర్ వంటి మూలం సున్నా అంచె. దానికి నేరుగా కట్టిన సర్వర్ ఒకటో అంచె, దాన్ని అడిగేది రెండోది, అలా 15 వరకు. 16 అని చూపిస్తే ఆ యంత్రానికి ఇంకా సమయం కుదరలేదని అర్థం. అంకె పెరగడం దానంతటదే దోషం కాదు. మూడో అంచెలోని దగ్గరి సర్వర్, ఒకటో అంచెలోని దూరపు సర్వర్ కన్నా నిలకడగా ఉండవచ్చు.

ఎన్ని మూలాలు

ఇంజినీరు: సరే, లోపల ఒక సర్వర్ పెడదాం. అది బయట ఒక సర్వర్‌ను అడుగుతుంది. అయిపోయింది.

ఆడిటర్: ఒక్కటే మూలమైతే అది అబద్ధం చెప్పినా కనిపెట్టలేరు. రెండైతే అవి విభేదించినప్పుడు ఏది నిజమో తేల్చలేరు. మూడు ఉంటే ఒకటి తప్పినా మిగతా రెండూ దాన్ని పక్కన పెడతాయి. నాలుగు పెట్టమనడం వాటిలో ఒకటి అందకపోయినా ఆ బలం మిగలడానికి.

ఇంజినీరు: అయితే ఎన్ఐసీ వాళ్ల సమయ్1, సమయ్2 రెండూ పెట్టి, ఎన్‌పీఎల్‌ది ఒకటి కలిపితే మూడయ్యాయి. కానీ అందులో రెండు పేర్ల వెనకా ఉన్నది ఒకే సంస్థ. ఆ సంస్థలో తప్పు జరిగితే రెండు ఓట్లూ ఒకేసారి తప్పుతాయి. ఇది మీరు చెప్పలేదు.

ఆడిటర్: చెప్పాల్సిందే, నిజంగా జరిగింది కూడా. 2012 నవంబర్ 19న అమెరికా నావికాదళ వేధశాలకు చెందిన రెండు టైమ్ సర్వర్లు కలిసి కొద్దిసేపు 2000వ సంవత్సరం చెప్పాయి. వాటినే నమ్ముకున్న డొమైన్ కంట్రోలర్లు పన్నెండేళ్లు వెనక్కి పోయాయి. మీ అనుమానానికి మందు ఉంది. ఆ మూడింటినీ ఎంపికకు ఉంచి, భారత్‌లోని పబ్లిక్ పూల్ సర్వర్ ఒకదాన్ని నోసెలెక్ట్ గుర్తుతో కలపండి. లినక్స్‌లో ఎన్‌టీపీ నడిపే ప్రోగ్రాం క్రోనీ దాన్ని కొలుస్తుంది గానీ దాని మాట వినదు. ఆదేశం తప్పినట్టూ కాదు, మూడింటికీ దానికీ తేడా పెరిగితే మనకు తెలుస్తుంది.

అలా చర్చ ఒక కొలిక్కి వచ్చింది: లోపలి టైమ్ సర్వర్లు మూడు, రెండు లినక్స్ సర్వర్లు, ఒక కోర్ రూటర్. లినక్స్‌లో వాడేది క్రోనీ. రెడ్ హ్యాట్ ఎనిమిదో కూర్పు నుంచి పాత ప్రోగ్రాం ఎన్‌టీపీడీని తీసేసింది. లినక్స్ సర్వర్లు అసలైన యంత్రాల మీద ఉండాలి, వర్చువల్ మెషీన్లలో కాదు. ఇంటర్నెట్ పోయినప్పుడు కూడా లోపలివాటికి సమయం చెబుతూ ఉండేందుకు వాటిలో లోకల్ అమరిక పెట్టి, అంచె అంకెను 10 వంటి పెద్దదిగా ఉంచుతారు. బయటి మూలం తిరిగి రాగానే దానికే ప్రాధాన్యం దక్కుతుంది.

విండోస్ డొమైన్, వర్చువల్ మెషీన్లు

ఇంజినీరు: 120 కంప్యూటర్ల దగ్గరికీ వెళ్లి కొత్త పేరు రాయాలా? దానికే వారం పోతుంది.

ఆడిటర్: ఒక్కదానిలో కూడా రాయక్కర్లేదు. డొమైన్‌లో చేరిన కంప్యూటర్ మామూలుగా తన డొమైన్ కంట్రోలర్‌ను అడుగుతుంది. కంట్రోలర్లు పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర ఉన్న కంట్రోలర్‌ను అడుగుతాయి. మీరు కదిలించొద్దన్న అమరికే అంచెల పద్ధతి. పైనున్న ఆ ఒక్క పీడీసీ ఎమ్యులేటర్‌కు మాత్రం ఎవరిని అడగాలో మనం చెప్పాలి. మన మూడు సర్వర్ల పేర్లూ అక్కడ రాసి, దాన్ని నమ్మదగిన మూలంగా ప్రకటిస్తే చాలు. ఆ పాత్ర ఎప్పుడైనా మరో కంట్రోలర్‌కు మారితే ఈ అమరిక కూడా వెంట మారాలి, గ్రూప్ పాలసీలో పెడితే మరచిపోయే బెడద ఉండదు.

ఇంజినీరు: మన కంట్రోలర్లు వర్చువల్ మెషీన్లు. అవి హోస్ట్ నుంచి కూడా సమయం తీసుకుంటున్నాయి.

ఆడిటర్: హోస్ట్ ఎవరిని అడుగుతోంది?

ఇంజినీరు: హోస్ట్ కూడా డొమైన్‌లోనే ఉంది. కాబట్టి... కంట్రోలర్‌నే.

ఆడిటర్: ఒకదాన్నొకటి అడుగుతూ రెండూ కలిసి ఎటైనా పోవచ్చు. కంట్రోలర్‌గా ఉన్న వర్చువల్ మెషీన్‌కు హోస్ట్ నుంచి సమయం వచ్చే ఏర్పాటును ఆపేయండి. ఒకేసారి ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో కూడా కంట్రోలర్‌లో హద్దు ఉంటుంది. అది మామూలుగా 48 గంటలు, మనకు అంత అక్కర్లేదు.

డొమైన్‌లో చేరని సామాను వేరే దారిన వస్తుంది. కెమెరాల రికార్డర్లు, హాజరు యంత్రాలు, ప్రింటర్లు, ఐపీ ఫోన్లలో కొన్ని డీహెచ్‌సీపీ 42వ ఆప్షన్‌లో పంపిన టైమ్ సర్వర్ ఐపీ అడ్రస్‌ను తీసుకుంటాయి. తీసుకోనివాటిలో చేత్తో రాయాలి. ఆఫీసుల్లో నిజంగా తప్పిపోయి ఉండేవి ఇవే. కొన్నప్పుడు పెట్టిన సమయంతోనే ఏళ్లు గడిపేస్తుంటాయి, హాజరు తగాదాల్లో, దొంగతనం కేసుల్లో ముందు అడిగేదీ వీటి సమయమే.

సరిదిద్దే తీరు

ఇంజినీరు: తేడా కనిపించగానే ఒక్కసారిగా సరైన సమయానికి దూకించేస్తే సరిపోతుంది కదా.

ఆడిటర్: ముందుకు దూకితే మధ్యలో ఉన్న షెడ్యూల్ పని తప్పిపోవచ్చు. వెనక్కి దూకితే మరీ చిక్కు. తర్వాత రాసిన బిల్లుకు ముందు రాసిన బిల్లు కన్నా పాత సమయం పడుతుంది. డేటాబేస్ నడుస్తుండగా వెనక్కి దూకించకూడదు.

దూకించడానికి బదులు గడియారం వేగాన్ని కొద్దిగా పెంచి లేదా తగ్గించి తేడాను కరిగించవచ్చు. ఎన్‌టీపీడీ మామూలుగా 128 మిల్లీసెకన్ల లోపు తేడాను ఇలా కరిగిస్తుంది, ఆపైది కొంతసేపు నిలిచి ఉంటే దూకిస్తుంది, 1,000 సెకన్లు దాటితే ఏదో పెద్ద పొరపాటని ఆగిపోతుంది. కరిగించే వేగం సెకనుకు అర మిల్లీసెకను మించదు కాబట్టి ఒక్క సెకను తేడా పోవడానికి 2,000 సెకన్లు, అంటే అరగంట పైన, పడుతుంది. క్రోనీలో మేక్‌స్టెప్ అమరికకు 1, 3 అంకెలు ఇస్తే, మొదటి మూడు కొలతల్లో మాత్రమే ఒక సెకను దాటిన తేడాను దూకించి తీరుస్తుంది. ఆ తర్వాత ఏ తేడానైనా మెల్లగా కరిగిస్తుంది. సర్వర్ లేచినప్పుడు దూకడం, లేచాక దూకకపోవడం అన్న ఈ నియమం ఇద్దరికీ సమ్మతమైంది.

టైమ్ జోన్, లీప్ సెకను

ఇంజినీరు: ఒక లాగ్‌లో తేడా సరిగ్గా ఐదున్నర గంటలు ఉంది. దానికి ఎన్‌టీపీ ఏం చేయాలి?

ఆడిటర్: ఏమీ చేయలేదు. ఎన్‌టీపీ ఎప్పుడూ యూటీసీ సమయాన్నే చెబుతుంది, దానికి 5:30 గంటలు కలిపి చూపడం ఆ కంప్యూటర్ పని. సరిగ్గా ఐదున్నర గంటల తేడా అంటే టైమ్ జోన్ తప్పు. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నప్పుడు కూడా ఇదే కనిపిస్తుంది. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ దాన్ని యూటీసీ అనుకుంటుంది. సర్వర్ లాగ్‌లన్నీ యూటీసీలో రాసి, చూసేటప్పుడు మన సమయానికి మార్చుకుంటే ఈ గొడవ తగ్గుతుంది.

ఇంజినీరు: లీప్ సెకను మాటేమిటి?

ఆడిటర్: 1972 నుంచి 27 సార్లు కలిపారు. చివరిది 2016 డిసెంబర్ 31 యూటీసీ అర్ధరాత్రి, మనకు 2017 జనవరి 1 ఉదయం 5:29:60. 2035 నాటికి ఈ పద్ధతిని పక్కన పెట్టాలని 2022లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది. అందాకా గుర్తుంచుకోవాల్సింది ఒకటే. గూగుల్ టైమ్ సర్వర్ల వంటివి ఆ సెకనును 24 గంటల మీద పలుచగా పరుస్తాయి, చాలా సర్వర్లు ఒక్కచోట కలుపుతాయి. రెండు రకాలనూ ఒకే జాబితాలో కలిపితే ఆ రోజున అవి విభేదిస్తాయి.

భద్రత, ఖర్చు

ఇంజినీరు: అయితే ఆఫీసు కప్పు మీద జీపీఎస్ యాంటెన్నా కూడా పెట్టమంటారా? పీటీపీ స్విచ్‌లు కొనమంటారా?

ఆడిటర్: మీరు చెప్పండి.

ఇంజినీరు: వద్దంటాను. పీటీపీ 2002 నాటి ఐఈఈఈ 1588 ప్రమాణం, మైక్రోసెకన్ల లోపు కుదురు కావాల్సిన చోటికి. దానికి సమయాన్ని హార్డ్‌వేర్‌లోనే నమోదు చేసే స్విచ్‌లు కావాలి. స్టాక్ ఎక్స్చేంజీలకు, టెలికం వాళ్లకు అవసరం, మనకు కాదు. జీపీఎస్ రిసీవర్‌కు ఆకాశం కనపడాలి, దాని సాఫ్ట్‌వేర్ కూడా కొత్తదై ఉండాలి. జీపీఎస్ వారాల లెక్క 1,024 వారాలకోసారి మళ్లీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్ 6న అలా వచ్చినప్పుడు పాత రిసీవర్లు కొన్ని తేదీ తప్పాయి.

ఆడిటర్: అందులో మీ మాటే నిలుస్తుంది. డబ్బు అక్కర్లేని జాగ్రత్తలు మాత్రం విడవకండి. ఫైర్‌వాల్‌లో 123వ పోర్ట్ బయటికి మన మూడు లోపలి టైమ్ సర్వర్లకే తెరవండి. బయటినుంచి వచ్చే ప్రశ్నలకు మన సర్వర్లు జవాబివ్వకూడదు, లోపలి అడ్రస్‌లకే ఇవ్వాలి. పాత ఎన్‌టీపీడీలోని మాన్‌లిస్ట్ ఆదేశానికి చిన్న ప్రశ్నకు చాలా పెద్ద జవాబు వచ్చేది. 2014 ఫిబ్రవరిలో దాన్ని వాడుకునే సెకనుకు దాదాపు 400 గిగాబిట్ల దాడి జరిగింది.

మామూలు ఎన్‌టీపీ జవాబుకు సంతకం ఉండదు, దారిలో ఎవరైనా మార్చవచ్చు. ఆ లోటు తీర్చే ఎన్‌టీఎస్ నిర్దేశం 2020లో వచ్చింది. అది సర్టిఫికెట్ల మీద ఆధారపడుతుంది కాబట్టి, తేదీ పూర్తిగా తప్పిన కంప్యూటర్ దాన్ని మొదలుపెట్టలేకపోవచ్చు. మూలం ఆ సౌకర్యం ఇస్తే వాడుకోవచ్చు. ఇవ్వనప్పుడు పలు మూలాలను పోల్చడమే రక్షణ.

తనిఖీ

ఇంజినీరు: పెట్టాక మళ్లీ ఎవరు చూస్తారు?

ఆడిటర్: నేను అడిగేది అదే. సమయం సరిగ్గా ఉందని చెప్పడం చాలదు, ఫలానా రోజున సరిగ్గా ఉందని చూపగలగాలి.

చూడాల్సినవి కొన్నే. సర్వర్ల జాబితాలో రీచ్ అన్న గడిలో 377 కనిపిస్తే చివరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చిందని అర్థం, అష్టాంశ లెక్కలో ఎనిమిది ఒకట్లు అలా కనిపిస్తాయి. అంతకు తగ్గిందంటే మధ్యలో జవాబులు పోయాయి. అంచె 16గా ఉండకూడదు. తేడా అన్న గడి లోపలి సర్వర్లలో మిల్లీసెకన్లలోనే ఉండాలి. ఈ మూడు అంకెల్నీ మానిటరింగ్ వ్యవస్థ రోజూ నమోదు చేసి, లాగ్‌లతో పాటు 180 రోజులు దాచాలి. సర్వర్లలో తేడా ఒక సెకను, ఇతర కంప్యూటర్లలో ఒక నిమిషం దాటితే హెచ్చరిక రావాలి. కెర్బెరాస్ ఐదు నిమిషాల హద్దుకు చాలా ముందే పట్టుబడటానికి ఈ గీతలు. కెమెరాలు, హాజరు యంత్రాలు తమ స్థితిని చెప్పలేవు కాబట్టి, మూడు నెలలకోసారి ఒకరు వెళ్లి లోపలి సర్వర్ సమయంతో పోల్చి రాసుకోవాలి.

పని వరుస కూడా ఇద్దరూ ఒప్పుకున్నట్టే కుదిరింది. ముందు మూడు లోపలి సర్వర్లు అమర్చి ఒక రోజు గమనిస్తారు. తర్వాత కంట్రోలర్లకు హోస్ట్ నుంచి వచ్చే సమయాన్ని ఆపి, పీడీసీ ఎమ్యులేటర్‌ను వాటికి కలుపుతారు. డొమైన్ కంప్యూటర్లు వాటంతటవే వెంట వస్తాయి. ఆపై లినక్స్ సర్వర్లు, స్విచ్‌లు, చివరికి చేత్తో రాయాల్సిన సామాను. అన్నీ లోపలికి తిరిగాయని రుజువయ్యాకే ఫైర్‌వాల్‌లో మిగతావాటికి 123వ పోర్ట్ మూసేస్తారు. ముందే మూస్తే ఇంకా మారని యంత్రాలు మూలం లేక జారిపోతాయి.